బిడ్డలు మన చేతిలో అమానతు

అసర్ నమాజు ముగిసేసరికి మా మక్తబ్ గడప ముందు చిన్న చిన్న చెప్పులు వరుస కడతాయి. బడి సంచి ఇంట్లో పడవేసి, తలపై టోపీ సర్దుకుంటూ, ఖాయిదా పుస్తకం చంకన పెట్టుకుని పరుగున వచ్చే పిల్లలను చూడడం ముప్పై ఏళ్ళుగా మాకు అలవాటైన దృశ్యం. మా ఉయ్యూరు పెద్ద నగరమేమీ కాదు. విజయవాడ నుండి మచిలీపట్నం వెళ్ళే రహదారిపై, పుల్లేరు కాలువ పక్కన, చెరకు తోటల నడుమ పెరిగిన ఊరు. ఇక్కడ ఒకరి బిడ్డను మరొకరు పేరు పెట్టి పిలుస్తారు. అందుకే తల్లిదండ్రులు తమ బిడ్డను తెచ్చి మా ముందు కూర్చోబెట్టేటప్పుడు ఏమీ అడగరు. "ఎముకలు మావి, చర్మం మీది హజ్రత్! మీరు ఎలా దిద్దుకుంటారో మీ ఇష్టం" అని పాతకాలపు మాట ఒకటి చెప్పి నిశ్చింతగా వెళ్ళిపోతారు.

ఆ మాట విన్నప్పుడల్లా ఒకప్పుడు మాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు భయం వేస్తుంది. ఒక మనిషి తన బిడ్డను మరొక మనిషి చేతిలో పెట్టి ఇంత నిశ్చింతగా వెళ్ళగలిగాడంటే, ఆ చేతిపై ఎంత భారం పడినట్లు! అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని దివ్య ఖుర్ఆన్ ఆదేశించింది. ఉదయం పంపిన బిడ్డను ఏ స్థితిలో పంపారో అదే స్థితిలో, వీలైతే అంతకన్నా మెరుగైన స్థితిలో, సాయంత్రం తల్లి ఒడికి చేర్చడం ఆ ఆదేశంలో భాగమే కదా?

నేడు మన సముదాయంలో విద్య కోసం జరిగే సేవ విస్తరించింది. మక్తబ్‌లు, వసతి మదరసాలు, జకాత్ నిధులతో నడిచే ట్యూషన్ కేంద్రాలు, వేసవి దీనీ శిబిరాలు, అనాథ బాలలకు ఉపకార వేతనాలు, బాలికలకు కుట్టు శిక్షణ. అల్‌హందులిల్లాహ్, ఇది సంతోషించవలసిన విషయం. అయితే భవనానికి ఎంత ఖర్చయింది, ఎందరు హాఫిజులు అయ్యారు, ఎన్ని సీట్లు వచ్చాయి అని వార్షిక సభలో లెక్క చెప్పే మనం, పిల్లల భద్రతకు ఏ ఏర్పాటు చేశామో చెప్పడం లేదు. ఎవరూ అడగడమూ లేదు. ఆ ప్రశ్నను ముందుగా మాకు మేమే వేసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

మా తప్పు

సుమారు తొమ్మిదేళ్ళ క్రితం మాట. ఒక విద్యా ధార్మిక సంస్థ నిర్వహించిన వేసవి శిబిరంలో మేము పాఠాలు చెప్పేవారం. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. బిడ్డ ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలను కూడా వదిలివేశాము.

శిబిరంలో సేవ చేయడానికి ఒక యువకుడు వచ్చేవాడు. మంచి కంఠం, మంచి తజ్వీద్, మొదటి వరుసలో నమాజు. పిల్లలతో ఇట్టే కలిసిపోయేవాడు. ఇషా తరువాత దూరాన ఉన్న పిల్లలను తన మోటారు సైకిలుపై ఇంటి దగ్గర దింపేవాడు. అతని గురించి మేము ఎవరినీ ఏమీ విచారించలేదు. అటువంటి వాని గురించి విచారించడమే పాపమన్నట్లు ఉండేది మా ఆలోచన.

పదకొండేళ్ళ పిల్లవాడొకడు, పాఠం అందరికన్నా ముందు అప్పజెప్పేవాడు, క్రమంగా తలుపు పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. మగ్‌రిబ్ దాటగానే "కడుపు నొప్పి హజ్రత్, ఇంటికి వెళ్తాను" అనేవాడు. చదువు తప్పించుకునే సాకు అనుకున్నాము. ఒక రోజు అందరి ముందు అరగంట నిలబెట్టాము కూడా. తరువాత కొన్ని రోజులకు ఆ పిల్లవాని తల్లి మా ఇంటికి వచ్చి, లోపల మా ఇంట్లోవారి దగ్గర కూర్చుని, చాలాసేపు ఏడ్చి విషయం చెప్పింది. కడుపు నొప్పికి కారణం ఆ మోటారు సైకిలు ప్రయాణం.

కమిటీ పెద్దలు సమావేశమయ్యారు. మేమూ ఉన్నాము. మూడు మాటలు వినిపించాయి. సంస్థ పరువు పోతుందని ఒకరు. ముస్లింలపై వేలెత్తి చూపడానికి కాచుకున్నవారికి అవకాశం ఇచ్చినట్లవుతుందని మరొకరు. సోదరుని లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను అల్లాహ్ కప్పిపుచ్చుతాడని ఇంకొకరు. చివరకు ఆ యువకుణ్ణి చప్పుడు కాకుండా పంపివేయాలని నిర్ణయించారు. తల్లికి సబర్ వహించమని చెప్పారు. ఆ సబర్ మాట చేరవేసిన నోరు మాదే.

మరుసటి ఏడాది షాబాన్ మాసంలో ఒక బంధువు మాటల సందర్భంలో చెప్పాడు, వేరొక మండలంలోని మస్జిదులో ఒక మంచి యువకుడు నలభై మంది పిల్లలకు చదువు చెబుతున్నాడని. పేరు విన్నాము. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మేము ప్రమాదాన్ని తొలగించలేదు. మా గడప నుండి తీసి మరొకరి గడపలో పెట్టాము. అది కూడా తెలియని తల్లులు ఉన్న గడపలో.

తెల్లవారి అక్కడికి వెళ్ళాము. అక్కడి అధ్యక్షుడు మా మాట విని అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీరు అప్పుడే ఎందుకు చెప్పలేదు?" మా దగ్గర సమాధానం లేదు. తిరిగి వచ్చి, ఆ తల్లిదండ్రుల ముందు తల వంచి క్షమాపణ కోరి, వారితో కలిసి పోలీసు స్టేషనుకు వెళ్ళి తెలిసినదంతా రాసి ఇచ్చాము. ఆ తరువాత న్యాయస్థానంలో విషయం తన దారిన నడిచింది. దానిపై వ్యాఖ్యానించడం మాకు తగదు. ఏడాది ఆలస్యానికి మాత్రం మేము అల్లాహ్ ముందు జవాబుదారులమే.

నమ్మకానికి తోడు సాక్ష్యం

"అందరినీ అనుమానించమంటారా? దురనుమానం పాపం కదా!" అని కొందరు సోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇస్లామీ బోధనలో దానికి సమాధానం కూడా ఉన్నది.

దివ్య ఖుర్ఆన్ అన్-నిసా సూరా ఆరంభంలోనే అనాథల గురించి మాట్లాడింది. అనాథ పెరిగి పెద్దవాడైన తరువాత అతని సొత్తును సంరక్షకుడు అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని 6వ ఆయతు ఆదేశించింది. ఎవరా సంరక్షకుడు? ఏళ్ళ తరబడి ఆ బిడ్డను పెంచినవాడు. అతడు దొంగ అని ఖుర్ఆన్ అనలేదు. అయినా సాక్షులు కావాలన్నది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని అల్-బఖరా సూరా 282వ ఆయతు చెప్పింది. అనాథ సొమ్ముకే సాక్షులు అవసరమైతే, అనాథకు సాక్షులు అక్కరలేదా? పది వేల రూపాయల అప్పుకు కాగితం రాసుకునే మనం, నలభై మంది బిడ్డలను కాగితం లేకుండా, సాక్షి లేకుండా, మూసిన తలుపు వెనుక ఒక మనిషికి ఎలా అప్పగిస్తున్నాము?

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన మాకు తరచూ గుర్తుకు వస్తుంది. రమజాన్ చివరి దినాలలో ఆయన మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉండగా, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ సఫియ్యా (రజి) ఆయనను చూడడానికి వచ్చారు. తిరిగి వెళ్తున్న ఆమెను సాగనంపడానికి ఆయన లేచి వెంట నడిచారు. రాత్రి వేళ. ఇద్దరు అన్సారీ సహచరులు అటుగా వెళ్తూ ఆయనను చూసి అడుగు వేగం పెంచారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, తనతో ఉన్నది తన భార్య సఫియ్యా అని స్వయంగా చెప్పారు. మీ పట్ల మాకు అనుమానమా అని వారు విస్తుపోగా, షైతాను మనిషిలో రక్తం వలె సంచరిస్తాడని, వారి మనస్సులో ఏదైనా వేస్తాడేమోనని చెప్పానని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది.

ఆలోచించండి. సృష్టిలోకెల్లా పవిత్రుడైన వ్యక్తి, ఎవరూ అడగకుండానే, తన నడవడికను తానే తేటతెల్లం చేశారు. అటువంటప్పుడు తరగతి గది తలుపు తెరిచి ఉంచమంటే, ఒంటరిగా ఒక పిల్లవాణ్ణి గదిలో ఉంచుకోవద్దంటే, ఒక ఉస్తాదు నొచ్చుకోవడానికి కారణమేమున్నది? తలుపు తెరిచి ఉన్న గది బిడ్డను కాపాడుతుంది. నిందల నుండి నిర్దోషి అయిన గురువును కూడా అదే కాపాడుతుంది.

ఇక లోపాలను కప్పిపుచ్చే విషయం. ఒక మనిషి తనకూ అల్లాహ్‌కూ మధ్య చేసిన పాపాన్ని బజారుకెక్కించవద్దన్నది ఆ బోధన సారం. మరొకరి బిడ్డకు హాని చేసి, ఇంకా చేయగల స్థితిలో ఉన్నవానికి అది తెర కాజాలదు. దౌర్జన్యపరుడైన సోదరునికి సహాయపడడమంటే అతని చేయి పట్టి దౌర్జన్యాన్ని ఆపడమేనని దైవప్రవక్త (స) నేర్పారు. నలుగురు సాక్షుల ప్రస్తావన తెచ్చేవారూ ఉన్నారు. ఆ నిబంధన హద్ శిక్షకు సంబంధించినది. దెబ్బ తిన్న బిడ్డ తన బాధ చెప్పుకోవడానికి, ఆ మాటను విచారణ చేయగలవారికి చేర్చడానికి అది అడ్డు కాదు. న్యాయం కోసం మీకు మీరే వ్యతిరేకంగా, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగానైనా నిలబడండని అన్-నిసా 135వ ఆయతు ఆదేశిస్తుంటే, సంస్థ పరువు అంతకన్నా పెద్దదవుతుందా?

మనకు తెలిసిన గాయాలు

ఈ సమస్య ఒక మతానిది కాదు, ఒక వర్గానిది కాదు. నల్గొండ జిల్లాలోని ఒక తండాలో ఒక స్వచ్ఛంద సంస్థ గిరిజన బాలికల కోసం వసతి గృహం నడిపేది. పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి వచ్చిన యువకుడు 12 మంది బాలికలపై అత్యాచారాలకు పాల్పడిన విషయం 2014 జనవరిలో బయటపడింది. 2018 జనవరిలో న్యాయస్థానం అతనికి జీవిత ఖైదు విధించింది. చదువు చెప్పాలనే సదుద్దేశంతో ఏర్పడిన గృహం అది. సదుద్దేశం ఒక్కటే కాపలా కాయలేదు.

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని డి.ఏ.వి. పాఠశాలలో ఎల్.కె.జి. చదివే నాలుగేళ్ళ పసిపాపపై అత్యాచారం జరిగినట్లు తెలిసి రాష్ట్రమంతా దిగ్భ్రాంతి చెందింది. నిందితుడు ఉపాధ్యాయుడు కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో అతనికి 20 ఏళ్ళ జైలు శిక్ష పడింది. మనం నియామకాలలో గురువుల చదువు చూస్తాము. వంటవాడు, కాపలాదారు, వాహనం నడిపేవాడు, సెలవులలో వచ్చే స్వచ్ఛంద సేవకుడు ఎవరో చూడము.

ఇంగ్లండు, వేల్సులలో బాలలపై లైంగిక హింసను విచారించిన స్వతంత్ర సంఘం 2021 సెప్టెంబరులో మత సంస్థలపై ఒక నివేదిక వెలువరించింది. క్రైస్తవ, యూద, హిందూ, సిక్కు, బౌద్ధ, ముస్లిం సంస్థలతో సహా 38 మత సంస్థలను పరిశీలించగా అన్నిచోట్లా దాదాపు ఒకే రకమైన అడ్డంకులు కనబడ్డాయి. బాధితుణ్ణే నిందించడం, ఈ విషయాలు మాట్లాడడానికి సిగ్గుపడడం, సంస్థ పేరు కోసం మౌనం వహించడం, పెద్దలను ప్రశ్నించరాదనే భావన. మా కమిటీ గదిలో ఆ రాత్రి విన్న మాటలు లండనులో కూడా వినబడ్డాయన్నమాట.

మన దేశంలో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలలతో మాట్లాడింది. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. ఆ బాధితులలో సగానికి పైగా మగపిల్లలు. "ఆడపిల్ల అయితే జాగ్రత్త, మగపిల్లవానికి ఏమవుతుంది?" అనుకునే ఇళ్ళకు, ముఖ్యంగా మగపిల్లలు ఎక్కువగా చదివే మన మదరసాలకు, ఈ ఒక్క మాట చాలు.

చట్టం ఏమంటుంది?

లైంగిక నేరాల నుండి బాలలను రక్షించే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుండి అమలులో ఉన్నది. 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరూ, ఆడపిల్ల అయినా మగపిల్లవాడయినా, ఈ చట్టం ప్రకారం బాలలే. నేరం చేసినవాడు విద్యా సంస్థ లేదా మత సంస్థ సిబ్బందిలోనివాడైతే దానిని మరింత తీవ్రమైన నేరంగా ఈ చట్టం పరిగణిస్తుంది.

మనవాళ్ళలో చాలా మందికి తెలియని సంగతి 19వ సెక్షనులో ఉన్నది. ఇటువంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ, జరగవచ్చునని ఆందోళన ఉన్న వ్యక్తి కూడా, పోలీసులకు తెలియజేయాలి. ఇది మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. తెలిసి దాచినవారికి ఆరు నెలల వరకు, తన కింద పనిచేసేవాని నేరాన్ని దాచిన సంస్థ బాధ్యునికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి చట్టం రక్షణ కల్పిస్తుంది. "ముందు మేము విచారించి, నిజమని తేలితే చెబుదాము" అనే కమిటీలకు చెప్పవలసినది ఒక్కటే. విచారణ మన పని కాదు. తెలియజేయడం మన పని.

పోలీసు స్టేషను అనగానే తల్లిదండ్రులు భయపడతారు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ సమయంలో యూనిఫాం ధరించరాదు. ఏ కారణంగానూ బిడ్డను రాత్రివేళ స్టేషనులో ఉంచరాదు. బాలికకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. బిడ్డ పేరు, ఫోటో, చిరునామా, బడి పేరు పత్రికలు వెల్లడించరాదు. మన పరువు గురించి మనం పడే భయాన్ని చట్టం ముందే ఊహించి ఈ ఏర్పాట్లు చేసింది.

2020లో వచ్చిన పోక్సో నియమాల ప్రకారం, పిల్లలను ఉంచుకునే లేదా పిల్లలతో తరచూ వ్యవహరించే ప్రతి సంస్థ తన సిబ్బంది అందరి పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు పరిశీలింపజేయాలి. ఇక బెత్తం విషయం. విద్యా హక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012 సవరణలో మదరసాలను, వేద పాఠశాలలను ఆ చట్టం పరిధి నుండి మినహాయించారు. దీనిని కొట్టడానికి లైసెన్సుగా భావించేవారు 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షను చదవాలి. తన సంరక్షణలో ఉన్న బిడ్డపై క్రూరంగా ప్రవర్తించినవారికి మూడేళ్ళ వరకు, బాలల సంరక్షణ బాధ్యత గల సంస్థలో పనిచేసేవారికి అయిదేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నది. అందులో మదరసాకు మినహాయింపు లేదు.

ఒక హదీసు విషయంలో మా తోటి ఉస్తాదులకు మనవి. ఏడేళ్ళకు నమాజు నేర్పమని, పదేళ్ళకు దండించవచ్చునని చెప్పిన హదీసును మనం బెత్తానికి అనుమతిగా ఎన్నోసార్లు ఉదహరించాము. ఆ హదీసు చివరిలో, పిల్లల పడకలు వేరు చేయమన్న ఆదేశం కూడా ఉన్నది. వసతి మదరసాలలో ఒకే చాపపై ఇద్దరు ముగ్గురు పిల్లలు, పెద్దవారు చిన్నవారు కలిసి, పడుకుంటున్నప్పుడు ఆ చివరి మాట మనకు ఎందుకు గుర్తు రాలేదు? హజ్రత్ అనస్ (రజి) బాలునిగా పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో ఉండి, ఒక్కసారి కూడా ఆయన నోట విసుగు మాట వినలేదని చెప్పారు. గురువుకు అంతకు మించిన ఆదర్శం మరేమున్నది?

మేము మార్చుకున్నవి

ఆ అనుభవం తరువాత మేము పనిచేసే చోట కొన్ని పద్ధతులు పెట్టుకున్నాము. డబ్బు ఖర్చు అయినవి చాలా తక్కువ. ఏ ఊరి మక్తబ్ అయినా, ట్రస్టు అయినా ఆచరించగలిగినవే.

ఒకటి, పిల్లలున్న చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. విడిగా పాఠం చెప్పవలసి వస్తే వరండాలో, అందరూ చూడగలిగే చోట. చెక్క తలుపు పైభాగంలో అద్దం బిగించాము.

రెండు, ఉస్తాదు, వంటమనిషి, ఆటో నడిపేవాడు, సెలవులలో వచ్చే సేవకుడు, ఎవరైనా సరే, ఆధారు నకలు, మునుపు పనిచేసిన చోటి నుండి రాతపూర్వకమైన మాట, పోలీసు పరిశీలన లేకుండా పిల్లల దగ్గరకు రారాదు. "అక్కడ ఎందుకు మానివేశాడు?" అని నోరు తెరిచి అడుగుతాము. ఎవరైనా మమ్మల్ని అడిగితే నిజమే చెబుతాము.

మూడు, ఇషా తరువాత ఏ పిల్లవాణ్ణీ ఒంటరిగా ఎవరి బండిపైనా పంపము. ఇంటివారు రావాలి, లేదా పిల్లలు గుంపుగా ఇద్దరు పెద్దల తోడుతో వెళ్ళాలి. చెరకు సీజనులో రహదారిపై చెరకు ట్రాక్టర్లు చీకటిలో కూడా తిరుగుతుంటాయి. ఈ తోడు అందుకు కూడా అవసరమే.

నాలుగు, వసతి ఉన్న చోట పడకలు వేరు, చిన్నవారి గది వేరు, పెద్ద విద్యార్థుల గది వేరు. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాలలో అనుమతి లేకుండా ఒకరి గదిలోకి మరొకరు వెళ్ళరాదని అన్-నూర్ సూరా నేర్పిన మర్యాదను గోడపై రాసి పెట్టాము. పిల్లల చేత ఒళ్ళు పట్టించుకోవడం, సొంత పనులు చేయించుకోవడం మానివేశాము.

అయిదు, పిల్లల ఫోటోలు. జకాత్ చందాల కోసం అనాథ బిడ్డల ముఖాలను కరపత్రాలలో, వాట్సాప్‌లో వేసే అలవాటు మాకూ ఉండేది. దాత మనస్సు కరగాలని బిడ్డ ముఖాన్ని బజారులో పెట్టడం దానం కాదు. దానిని ఆపివేశాము. రసీదు పుస్తకాలిచ్చి పిల్లలను చందాలకు పంపడం కూడా మానుకున్నాము. పిల్లలకు ఏ ఉస్తాదూ విడిగా ఫోనులో సందేశాలు పంపరాదు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెప్పాలి.

ఆరు, విహారయాత్రలు. ఈత పేరుతో పిల్లలను కాలువకు గాని, మంగినపూడి సముద్ర తీరానికి గాని తల్లిదండ్రుల సంతకం లేకుండా తీసుకువెళ్ళము. తీసుకువెళ్ళినా నీళ్ళలో దిగనివ్వము. కాలువల్లో, సముద్రంలో మునిగిన పిల్లల వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాము.

ఏడు, కాగితాలు. 2023 మే 30న బీహారు నుండి మహారాష్ట్ర మదరసాలకు రైలులో వెళ్తున్న 59 మంది పిల్లలను భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దింపివేసి, వెంట ఉన్న అయిదుగురిని పిల్లల అక్రమ రవాణా ఆరోపణపై అరెస్టు చేశారు. వారు సుమారు నాలుగు వారాలు జైలులో ఉన్నారు. అది అపార్థమని తేల్చి 2024 మార్చిలో పోలీసులే కేసు మూసివేశారు. నిర్దోషులకు అంత కష్టం రావడం అన్యాయమే. మనం నేర్చుకోవలసింది కూడా ఉన్నది. మన విజయవాడ జంక్షను మీదుగా ఎందరో విద్యార్థులు దూర ప్రాంతాల మదరసాలకు వెళ్తుంటారు. ప్రతి బిడ్డకు తల్లిదండ్రుల అనుమతి పత్రం, ఆధారు నకలు, చేరబోయే మదరసా లేఖ, ఫోను నంబర్లతో జాబితా వెంట ఉండాలి. అనాథలను, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే గృహాలు బాల న్యాయ చట్టం కింద నమోదు చేయించుకోవాలి.

ఎనిమిది, బిడ్డ తన బాధ చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు తెలిసి ఉండాలి. వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. మా దగ్గర ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, పిల్లలందరూ ఆపా అని పిలిచే ఆమె, వారానికి ఒక రోజు వచ్చి పిల్లలతో కూర్చుంటారు. గోడపై 1098 నంబరు రాసి ఉన్నది. పిల్లల కోసం రాత్రింబవళ్ళు పనిచేసే ఉచిత ఫోను సేవ అది. 1996లో ముంబయిలో మొదలైంది. అత్యవసరమైతే 112కు చేయవచ్చు. 

ఇవి పెట్టినప్పుడు ఒక వృద్ధ ఉస్తాదు నొచ్చుకున్నారు. "నలభై ఏళ్ళు చదువు చెప్పాను, ఇప్పుడు నాపై అద్దం బిగిస్తారా?" అన్నారు. హజ్రత్ సఫియ్యా (రజి) సంఘటన ఆయనకు మేము చెప్పనవసరం లేదు, మాకు అది నేర్పినదే ఆయన. కాసేపు మౌనంగా ఉండి, "మేకులు గట్టిగా కొట్టించండి" అన్నారు.

తల్లిదండ్రులకు మనవి

బిడ్డను చేర్చేటప్పుడు అడగండి. ఎవరు చెబుతారు, ఎక్కడ కూర్చోబెడతారు, ఎవరు తీసుకువస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు. అడిగితే గురువుకు అవమానమని భావించకండి. అడిగినందుకు కోపగించుకునే చోట బిడ్డను వదలకండి. అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్ళి చూడండి.

తన శరీరం తనదని, సతర్‌ను చూడడానికి, తాకడానికి ఎవరికీ హక్కు లేదని, ఎవరైనా "ఇది మన ఇద్దరి మధ్య రహస్యం, అమ్మీకి చెప్పకు" అంటే ముందుగా అమ్మీకే చెప్పాలని ఆరేడేళ్ళ నుండే నేర్పండి. సిగ్గు, హయా నేర్పడంలో ఇది భాగమే. పెద్దల మాట వినమని నేర్పే మనం, తప్పు పని చేయమనే పెద్దల మాట వినవద్దని కూడా నేర్పాలి. పాపానికి ఆజ్ఞాపించే మనిషికి విధేయత లేదన్నది దీన్ నేర్పిన సూత్రమే.

హుషారైన బిడ్డ ముభావంగా మారినా, ఒక మనిషి పేరు చెప్పగానే ముడుచుకుపోయినా, పక్క తడపడం మళ్ళీ మొదలైనా, కారణం లేని నొప్పులు చెప్పినా, ఎక్కడి నుండో బహుమతులు తెచ్చినా ఆగి అడగండి. బిడ్డ నోరు విప్పినప్పుడు అరవకండి, "నువ్వెందుకు వెళ్ళావు?" అనకండి, పదే పదే ప్రశ్నించకండి. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనే మాట ముందు రావాలి. ఆ తరువాత చట్టం చెప్పిన చోటికి వెళ్ళండి. ఇరుగుపొరుగుకు మాత్రం చెప్పవద్దు. బిడ్డ పరువు కాపాడవలసిన చోటు అది.

కిందటి ఈద్ రోజున ఈద్‌గాహ్ నుండి తిరిగి వస్తుండగా ఒక యువకుడు వచ్చి మాకు సలాం చేశాడు. మొదట గుర్తు పట్టలేదు. తలుపు పక్కన కూర్చునే ఆ పిల్లవాడే. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. కుశల ప్రశ్నలయ్యాక తల దించుకుని, మెల్లగా అన్నాడు: "హజ్రత్, మీరు ఆ రోజు నన్ను నిలబెట్టారు. కడుపు ఎందుకు నొప్పిగా ఉందని మాత్రం అడగలేదు."

మేము క్షమాపణ కోరాము. అతడు మా చేయి పట్టుకుని, "నా తరువాత వచ్చే పిల్లలను అడుగుతున్నారు కదా హజ్రత్, అది చాలు" అన్నాడు. అతడు క్షమించినా, ఆ ప్రశ్న మాతో పాటు సమాధి వరకు వస్తుంది.

ప్రతి ఒక్కరూ కాపరులేనని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. రేపు జుమా తరువాత మీ ఊరి మస్జిదు కమిటీ, మీ మక్తబ్ ఉస్తాదు, మీ ట్రస్టు బాధ్యులు ఒక అరగంట కూర్చోండి. తలుపులు, పడకలు, బండ్లు, కాగితాలు, ఫిర్యాదు వినే మనిషి. ఈ అయిదింటిని ఒక్కొక్కటిగా చూడండి. లేనిది ఏదో రాసుకోండి. వచ్చే జుమాకు అది ఉండేలా చూడండి.

పసి హృదయాల నమ్మకాన్ని నిలబెట్టుకునే శక్తిని, సత్యం చెప్పవలసిన చోట నోరు విప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మా ఆలస్యాన్ని, మా మౌనాన్ని క్షమించుగాక! ఆమీన్.